బూడిద సేనలో పరాతెనే

ఆ సీను ఇంకా రాలేదు, ఇంకా చాలాసేపటి దాకా రాదు, అసలు రానే రాదు, ఆ సంగతి ఈ హాల్లో నాకూ నా పక్కన కూర్చున్న, వరసకి మరిదయ్యే మతియుకూ తప్ప ఎవరికీ తెలియదు. తెర మీద ఆ గంటలు పోతపోసే ముసలాడి మనవరాలు గాడిదనెక్కి ఉప్పుకొండల వైపు బయలుదేరుతూనే ఉంది, వెనకాల వాయిద్యాలు మోగుతూనే ఉన్నాయి, ముందు వరసలో మా అత్తమ్మ కరరైనా తల కదపకుండా చూస్తూనే ఉంది. ఆ తలకి కవాకవా ఆకుల దండ. చావుకి పోయేటప్పుడు పెట్టుకునే దండ చుట్టుకుని సినిమాకొచ్చిన మనిషిని ఈ థియేటరు ఇంతవరకూ చూసి ఉండదు. ఆమె పక్క కుర్చీలో నా మొగుడు పరాతెనే ఫోటో, దాని చుట్టూ కూడా ఆకులే. ఫోటోకీ టికెట్ కొన్నాం. థియేటరాయన మొహమాటపడి వద్దంటే, "మా వాడు దొంగచాటుగా సినిమా చూసే రకం కాదు, తీసుకో" అంది అత్తమ్మ. అది పచ్చి అబద్ధం, చిన్నప్పుడు వాడూ మతియూ ఇదే థియేటరు వెనక గోడ దూకేవాళ్లు. పాపం ఆయన మా కోసమని మధ్యాహ్నం ఆట ప్రత్యేకంగా వేశాడు, పాప్‌కార్న్ కూడా బుట్టలకొద్దీ వేయించి పెట్టాడు. మా చిన్నత్త హుహానా గుమ్మంలోనే నిలబడి ఒక్కొక్కళ్ల చేతిలోంచీ పొట్లాలు లాక్కుంది. "పోయినవాడు లోపల కూర్చున్నాడు, వాడి ముందు నములుతారా, సిగ్గు లేదూ?" అని. దాంతో ఊరు ఊరంతా వట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంతమంది జనం ఉన్న సినిమా హాల్లో నమిలే చప్పుడు లేకపోతే ఎంత భయంగా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది.

ఈ నవల మాకు బళ్లో ఉండేది. వందేళ్ల కిందట ఎవరో ఇంగ్లీషు ఫాదరీ రాశాడట, మా టీచరమ్మ వానాకాలమంతా చదివి వినిపించేది, పరాతెనే వెనక బెంచీలో నిద్రపోయేవాడు. ఏడు గోడల నగరం, దాని నడుమ మూగబోయిన గంట, ఆ గంట నాలుకని కొండలు దాటించి తెచ్చి మళ్లీ వేలాడదీయాలి, అది మోగితే శత్రువుల బూడిద సేన అంతా పొడి పొడి అయిపోతుంది, అదీ కథ. సినిమా తీస్తున్నారనీ, బూడిద సేనకి వెయ్యిమంది మగవాళ్లు కావాలనీ కబురొచ్చినప్పుడు నేను ఆ పుస్తకం మళ్లీ తీసి చూశాను, నా మొగుడు ఎక్కడుంటాడా అని. "బూడిద సేన కొండవాలున వరదలా దిగింది." అంతే. ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాడు, అదీ వెయ్యిమందితో కలిసి. ఆ మాటంటే పడి పడి నవ్వాడు. "వరదలో ఓ చుక్కనే నేను, చాలదూ?" అన్నాడు. హుహానా అత్త మాత్రం నవ్వలేదు. "మొహాలున్న వేషాలన్నీ తెల్లవాళ్లవీ, ముసుగులున్నవన్నీ మనవీనా? మన పిల్లలు అంత వికారంగా ఉన్నార్రా?" అంది. "అందంగా ఉన్నాం గనకనే పిన్నీ దాచేస్తున్నారు" అన్నాడు వాడు. ఆ వేసవంతా వాడూ మతియూ పీఠభూమి మీద, మంచుకొండ కింద డేరాల్లో ఉన్నారు. సెలవుకొచ్చినప్పుడు ఒళ్లంతా రబ్బరు వాసన, చెవుల వెనక జిగురు పీకిన చోట చర్మం ఎర్రగా లేచిపోయి ఉండేది. నేను నూనె రాస్తుంటే చిన్నపిల్లాడిలా మూలుగుతూ కబుర్లు చెప్పేవాడు. ముసుగు వేశాక మళ్లీ తీసేదాకా గడ్డిపుల్లతో నీళ్లు తాగాలట, లోపల చెమట చెంపల మీదుగా కారుతుంటే తుడుచుకోవడానికి మొహమే ఉండదట. మైకు పట్టుకున్న ఓ కుర్రది వెయ్యిమందినీ చూసి, ఇంకా దుర్మార్గంగా కనబడండి అని అరిచేదట. దుర్మార్గం ఎలా వస్తుందిరా అంటే, "మా అమ్మ కోళ్లని నేనే అమ్మేశానని ఆవిడకి తెలిసిన రోజున ఆవిడ మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటాను" అన్నాడు. చివరి వారంలో వాడికో అదృష్టం పట్టింది. బాణం తగిలి బురదలో వెల్లకిలా పడే సైనికుడు ఒకడు కావాల్సొచ్చి వాణ్ణి ఏరారు. కెమెరా మొహం మీదికి వచ్చి చాలాసేపు నిలిచిందట. మొహం రబ్బరుదే, కళ్లు మాత్రం వాడివి. "అమ్మా, నా కళ్లు చూడు, ఇంత పెద్దగా కనబడతాయి, రెప్ప వెయ్యకుండా చచ్చాను" అని అత్తమ్మకి వంటింట్లో నేల మీద పడుకుని చేసి చూపించాడు కూడా. హుహానా అత్త గరిటెతో కొట్టింది వాణ్ణి, చావుని వెక్కిరించకురా అని.

ఆ కళ్ల కోసమే ఇవాళ అత్తమ్మ వచ్చింది. ఆ కళ్లు ఈ సినిమాలో లేవు. పోయిన వారం మతియు ఫోను చేశాడు, వాడు వెల్లింగ్టన్‌లో వేషాలు కట్టినవాళ్ల కోసం వేసిన ఆటకి వెళ్లొచ్చాడు. చాలాసేపు వానల గురించీ, వాడి కారు గురించీ మాట్లాడి, ఆఖరికి, "వదినా, అది తీసేశారు. సినిమా పొడుగైపోయిందట. అన్న ఎక్కడా లేడు, నేను ఆసాంతం కళ్లు పత్తికాయలు చేసుకుని చూశాను. నేను కూడా ఒకచోట వెనకాల నిచ్చెన పట్టుకుని కనబడతాను, వాడు మాత్రం లేడు. పెద్దమ్మకి నువ్వే చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. చెప్పడానికి వెళ్లాను కూడా. వెళ్లేసరికి ఆమె నల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుంటోంది, ఫోటో అద్దం తుడుచుకుంటోంది, కొండ అవతలి చుట్టాలకి కబుర్లు పంపిస్తోంది, "మా వాడు వస్తున్నాడు, మీరూ రండి" అని. వస్తున్నాడు అన్న ఆ మాట దగ్గర నా నోరు పడిపోయింది. టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. ఇప్పుడు మతియు చీకట్లో నా వైపు తిరిగి చూస్తున్నాడు, చెప్పలేదు కదూ అని. నేను తెర వైపే చూస్తున్నాను. తెర మీద మనవరాలు గంట నాలుకని కంబళిలో చుట్టి చంటిబిడ్డలా ఎత్తుకుని మంచులో నడుస్తోంది. ఎంత బరువో పాపం, కాళ్లు కూరుకుపోతున్నాయి. నాకు ఆ పిల్ల మీద జాలి లేదు, వచ్చేస్తోంది, తొందరగా వచ్చేస్తోంది, ఆ పిల్ల నగరం చేరి గంట మోగించిందంటే బూడిద సేన రాలిపోతుంది, ఆ తర్వాత వెతుక్కోవడానికి తెర మీద ఒక్క ముసుగైనా మిగలదు, అప్పుడు అత్తమ్మ వెనక్కి తిరిగి నన్ను చూస్తుంది.

కానీ నేను చెప్పకపోవడానికి అది ఒక్కటే కారణమా? నిజం చెప్పుకోవాలంటే ఆ సీను తీసేశారని వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది ఎవరికి చెప్పుకోను? షూటింగు అయిపోయాక, పరాతెనే పెద్దరొయ్యల బుట్టలు తీయడానికి పడవేసుకుని వెళ్లిన రోజు పొద్దున సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పడవ బోర్లా దొరికింది, బుట్టలు దొరికాయి, వాడి చెప్పు ఒకటి దొరికింది, వాడు దొరకలేదు. పెద్దలు సముద్రం మీద రాహుయి పెట్టారు, మంత్రం చదివి తీరమంతా మూసేశారు, శవం తేలేదాకా చేప పట్టకూడదు, పావా గుల్ల ఏరకూడదు, మనిషిని మింగిన నీళ్లలోంచి మనం తిండి తీసుకోకూడదు. తీరం పొడుగునా జనం నడిచారు, రాత్రులు మంటలు వేసుకుని కూర్చున్నారు. అత్తమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి సముద్రాన్ని తిట్టింది, తర్వాత బతిమాలింది, తర్వాత మళ్లీ తిట్టింది. సముద్రం ఏదీ తిరిగి ఇవ్వలేదు. ఎన్నాళ్లని మూస్తారు, పిల్లలకి తిండి పెట్టాలి కదా, రాహుయి ఎత్తేశారు. మా దగ్గర పోయినవాణ్ణి మూడు రోజులు ఒంటరిగా వదలం. మా ఊరుమ్మడి మందిరం మరాయే అరుగు మీద మూత తీసిన పెట్టెలో పడుకోబెట్టి, పక్కనే పడుకుని, వాడితో మాట్లాడి, తిట్టి, వాడు చేసిన వెధవపనులన్నీ చెప్పి నవ్వి, ముక్కూ కళ్లూ ఏకమయ్యేలా ఏడ్చి, అప్పుడు పంపిస్తాం. పరాతెనేకి అదేమీ లేదు. చాప మీద ఫోటో పెట్టారు. పెద్దల్లో ఓ ముసలాయన కర్ర ఊపుతూ లేచి, వెళ్లు, వెళ్లు అని మూడుసార్లు చెప్పి సాగనంపే మాట మొదలుపెట్టగానే నేను లేచి బయటికి వచ్చేశాను. ఎవరిని పొమ్మంటున్నారు? ఎవరు చూశారు వాడు చచ్చాడని? ఏ పడవవాళ్లో ఎక్కించుకుని ఉండొచ్చు, ఏ దీవిలోనో కాలు విరిగి ఉండొచ్చు, వాడసలే మొండిఘటం. అప్పట్నించీ నేను ఏడవలేదు. పెళ్లాం ఏడవకపోతే పోయినవాడు గుమ్మం దాటలేడని హుహానా అత్త నాకు వినబడేలా గొణుగుతుంది. దాటకపోతే మంచిదే అనుకుంటాను నేను. ఎవరైనా "పోయిన మీ ఆయన" అంటే ఆ మనిషితో ఆ పూటకి మాటలు బంద్. అత్తమ్మ మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. ఆమె అనకపోవడమే నాకు ఎక్కువ బరువు. ఇవాళ ఆ కళ్లు తెర మీద కనబడితే అందరూ ఏడుస్తారు, అందరూ పంపించేస్తారు, బాణం తగిలి బురదలో పడి చచ్చిపోయినవాడి మొహం ముందు కూర్చుని నేను ఇంకా ఏ దీవి పేరు చెప్పను? కత్తిరించినవాళ్లు ఎవరో గానీ చల్లగా ఉండాలి, నా మొగుణ్ణి చంపకుండా వదిలేశారు.

యుద్ధం మొదలైంది. కొండవాలున వరద దిగుతోంది, పుస్తకంలోని ఆ ఒక్క వాక్యం ఎంతసేపు దిగుతుందో. హాలంతా ముందుకు వంగింది. "అదుగో, ఆ గొడ్డలివాడు!" "కాదే, వాడు పొట్టి." "ఆ నడక చూడు, మన పరాతెనే నడకే!" "నీ మొహం, అందరూ అలాగే నడుస్తున్నారు, కాళ్లకి ఇనప గుండ్లు కట్టారుగా." హుహానా అత్త అప్పుడే నలుగుర్ని పరాతెనేలని ఖాయం చేసింది, నలుగురూ వెంటవెంటనే చచ్చారు. ఒక్కొక్కడు పడినప్పుడల్లా నేను ముందు కుర్చీ పట్టుకుంటున్నాను, వాడు కాదని తెలిసి కూడా. వెయ్యి ముసుగులు, ఒకే అచ్చులో పోసినవి, అదే పగిలిన బూడిదరంగు చెంప, అదే వేలాడే పెదవి. వీటిలో ఎక్కడో దూరాన, చీమంత, వాడు ఉండే ఉంటాడు. మతియు కళ్లకి దొరకనంత మాత్రాన లేనట్టా? ఆ వేసవంతా అక్కడే పరిగెత్తాడు కదా వాడు. నేను కూడా వెతుకుతున్నాను. ఎప్పట్నించి వెతుకుతున్నానో నాకే తెలియలేదు. వద్దు, కనబడొద్దు, కనబడు, ఒక్కసారి, వేలెడంత, వెనక నుంచైనా సరే. గోడకి నిచ్చెనలు వేస్తున్నారు. నూనె పోస్తున్నారు. కూలిన నిచ్చెన మీద నుంచి ముసుగులు గుత్తులు గుత్తులుగా రాలుతున్నాయి. ఇదిగో ఇక్కడే ఆ బురద ఉండాలి, ఇక్కడే ఆ కళ్లు. లేవు. కెమెరా ఆగకుండా తెల్లమొహం రాజుగారి కన్నీళ్ల మీదికి వెళ్లిపోయింది. ముందు వరసలో ఆ ఆకుల దండ ఇప్పటికీ కదల్లేదు. ఆమెకి తెలిసిపోయి ఉంటుంది. మనవరాలు గంటగోపురం మెట్లు ఎక్కుతోంది, చేతుల్లోంచి రక్తం కారుతోంది, పైన గంట చీకట్లో వేలాడుతోంది. మతియు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వదినా, అయిపోవచ్చింది" అన్నాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది.

మనవరాలు నాలుకని తగిలించింది. తాడు పట్టుకుంది. కింద గోడ దగ్గర నిచ్చెన పట్టుకున్న ఒక బూడిద సైనికుడు చప్పుడేదో విన్నట్టు తలెత్తి పైకి చూశాడు, ముసుగు కన్నాల్లోంచి రెండు కళ్లు, కొంచెంసేపే. అత్తమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతు ఆ వాయిద్యాలన్నిటినీ చీల్చుకుని లేచింది. మనుషులు చేసే చప్పుడు కాదది, చావు దగ్గర పోయినవాళ్లని పిలిచే, మా ఆడవాళ్లకి మాత్రమే వచ్చిన పిలుపు. "రా నాయనా, రా! నీళ్ల దారిన వెళ్లినవాడా, నీ తల్లి కళ్ల ముందుకి రా! వెనకటి మనవాళ్లందరినీ వెంటబెట్టుకుని రా!" వెనక వరసల్లోంచి కొండ అవతలి ఆడవాళ్లు జవాబు పిలిచారు, హుహానా అత్త పిలిచింది, హాలంతా లేచి నిలబడింది, మగవాళ్లు టోపీలు తీశారు. నా పక్కన మతియు ఒక్కడే లేవలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయాడు. "వదినా, అది అన్న కాదు," అన్నాడు, "నిచ్చెన దగ్గర. అది నేనే వదినా. నన్ను ఏడుస్తోంది పెద్దమ్మ." బతికున్నవాణ్ణి ఏడిస్తే వాడికీ చావు అంటుకుంటుందని మా ఊళ్లో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. వద్దని అరవాలి, ఎవరో ఒకరం అరవాలి. అంతలో గంట మోగింది, తెర మీద సేనంతా బూడిదై గాలికి లేచింది, హాలు గోడల మీద ఆ తెల్లటి వెలుతురు పడింది, ఆ వెలుతురులో అత్తమ్మ నడవా వెంబడి, ఎప్పుడూ వదలని చేతికర్ర కూడా లేకుండా, మా వైపే వస్తోంది.

వచ్చి నా ముందు ఆగలేదు. మతియు ముందు ఆగింది. వాడి తల రెండు చేతులతో పట్టుకుని, వంగి, నుదురు నుదుటికీ ముక్కు ముక్కుకీ ఆనించింది. వాడు, "పెద్దమ్మా, అది అన్న కాదు, నేను—" అన్నాడు. "తెలుసురా. నేను పెంచిన కళ్లేవో, మా నడిపి చెల్లెలు పెంచిన కళ్లేవో నాకు తెలియదా?" అంది ఆమె. "వాడు అందులో లేడని కూడా తెలుసు. ఈ కోడలి మొహం చూస్తే తెలియలేదూ, టీ తాగి నోరు మూసుకుని వెళ్లిపోయిన రోజునే?" వెనకనుంచి హుహానా అత్త గుండెలు బాదుకుంది. "అక్కా, బతికున్నవాడే! బతికున్న పిల్లాణ్ణి ఏడవకూడదే!" "నోరు ముయ్యవే. పొద్దున్నే ఏటికి తీసుకెళ్లి కడిగి మంత్రం చదివిద్దాం, వీడికేం కాదు," అని, మళ్లీ మతియుతో, గొంతు తగ్గించి, "కదలకురా నాన్నా. మాకు ఏడవడానికి ఒళ్లు లేదు. కాసేపు నువ్వు వాడివి. ఉంటావా?" అంది. మతియు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తల ఊపాడు. ఆమె వాణ్ణి ఏడ్చింది. కోళ్ల సంగతి చెప్పింది, నాకు మొదట్నించీ తెలుసురా వెధవా అంది, నీళ్లలో చలేసిందా అని అడిగింది, వాడి చెంపల మీద ఆమె కన్నీళ్లూ చీమిడీ కారుతున్నా వాడు తుడుచుకోలేదు. తర్వాత పక్కకి జరిగి నా వైపు తిరిగింది.

"రా అమ్మాయ్," అంది, "నీ మొగుడికి చెప్పాల్సింది చెప్పు. నీ కోసమే తెచ్చాను వీణ్ణి ఇక్కడిదాకా."

ఏ దీవీ గుర్తు రాలేదు. ఏ పడవా గుర్తు రాలేదు. కుర్చీ ముందు మోకరించి నుదురు ఆనించాను. మతియు నుదురు వెచ్చగా ఉంది, వాడి ఊపిరి నా ఊపిరిలోకి వస్తోంది, అది పరాతెనే ఊపిరి కాదు, పరాతెనేకి ఊపిరి లేదు, లేదు, ఆ పొద్దున్నించే లేదు, ఆ బోర్లా పడవ కింద నుంచే లేదు. తెర మీద గెలిచినవాళ్లు పాటలు పాడుకుంటున్నారు. నా లోపల ఇన్నాళ్లూ బిగబట్టినదేదో ముక్కులోంచీ నోట్లోంచీ ఒక్కసారిగా వచ్చింది, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. చలేసిందా అని నేను అడగలేదు. నిన్ను ఆపాను కదూ, గుమ్మంలోనే నిలబెట్టేశాను కదూ, అని మాత్రం అన్నాను. మతియు కళ్లు తెరవలేదు, నా చేతులు పట్టుకున్నాడు, వాడు కూడా ఏడుస్తున్నాడు, ఎవరిగా ఏడుస్తున్నాడో వాడికైనా తెలుసో లేదో. "వెళ్లు పరాతెనే," అన్నాను. వెనక హాలంతా ఆ మాట అందుకుంది. "వెళ్లు," అన్నాను మళ్లీ. మూడోసారి అనడానికి నాకు చాలాసేపు పట్టింది, అందరూ నిలబడే ఉన్నారు, ఎవరూ నా బదులు అనలేదు, అత్తమ్మ కూడా.

అన్నాను.